తెల్ల గౌను వెనక కమురు వాసన
బ్యాలే ప్రోగ్రామ్ పుస్తకాల్లో చరిత్ర పేజీ రాసేవారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

పోయిన నెల మా అమ్మాయిని తీసుకుని ‘జిజేల్’ అనే బ్యాలే చూడటానికి వెళ్ళాను. ఏ ఊరు, ఏ హాలు అన్నది ఇక్కడ అనవసరం. టికెట్లకే చేతి చమురు వదిలింది. అయినా ఆశ చావక విరామంలో ప్రోగ్రామ్ పుస్తకం కూడా కొన్నాను. రంగుల బొమ్మలు, నర్తకుల పేర్లు, విరాళాలిచ్చినవారి పేర్లు రెండు పేజీలు. దుస్తుల చరిత్ర మాత్రం నాలుగే వాక్యాలు. 1832లో మరీ టాలియోని అనే నర్తకి తెల్లని టూటూ (బ్యాలే స్కర్టు) వేసుకుని రంగస్థలం మీదికి వచ్చిందట, ఆ సాయంత్రంతో బ్యాలే నేలను విడిచి గాలిలో తేలిందట. పక్కనే వీపుకు చిన్న రెక్కలు తగిలించుకున్న ఆవిడ పాత బొమ్మ. అంతే, కథ కంచికి.

అటూఇటూగా ఇవే నాలుగు వాక్యాలు అంతకుముందు ఇంకో రెండు మూడు ప్రదర్శనల పుస్తకాల్లోనూ చదివాను. అందుకే ఈ ఉత్తరం ఆ ఒక్క హాలువారికి కాదు, మీ అందరికీ. ఇంగ్లీషు ప్రతి విడిగా పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, కోపం నాకు తెలుగులోనే సరిగ్గా వస్తుంది. పైగా ఈ దేశంలో శనివారం పొద్దున పిల్లల్ని బ్యాలే క్లాసుల్లో దింపి బయట కార్లలో కూర్చునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళూ చదవాలి.

నేను నాట్యపండితురాలిని కాను. బందరులో మా అమ్మ కూచిపూడి డ్రెస్సులు కుట్టేది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని కాజాలు తీయడం, హుక్కులు కుట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి బ్యాలే స్కూలు ఏటా వేసే ప్రదర్శనకు స్కర్టులు కుట్టే తల్లుల్లో నేనొకదాన్ని. ఈ ఏడు ‘జిజేల్’ రెండో అంకం. తెల్ల స్కర్టులు పద్నాలుగు. కాబట్టి గుడ్డ గురించి మాట్లాడే హక్కు కొంచెం ఉందనుకుంటాను.

ముందు ఆ మాట సంగతి. 1832లో టూటూ అన్న మాటే లేదు. ఫ్రెంచి అచ్చులో అది కనపడేది 1881లో. అప్పటికి టాలియోని డెబ్భై ఏడేళ్ళ ముసలావిడ, నాట్యం మానేసి ఎన్నో ఏళ్ళయింది. మన బువ్వ, జోజో లాంటి ఊయలమాట అది. చంటిపిల్లల పిర్రలకు ఫ్రెంచివాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు కొద్దిగా మారి ఇలా అయిందని నిఘంటువులు చెబుతాయి. టూల్ అనే వలగుడ్డ పేరు నుంచి వచ్చిందని ఇంకో వాదం ఉంది. నా ఓటు మొదటిదానికే. ఎందుకంటే ఆ స్కర్టును దగ్గరగా చూసే మగవాళ్ళెవరో చరిత్రకు బాగా తెలుసు. 1831లో పారిస్ ఒపేరా పగ్గాలు పట్టిన లూయీ వెరోన్, నర్తకులు ఒళ్ళు వేడెక్కించుకునే గదిలోకి డబ్బున్న చందాదారులను రానిచ్చాడు. నల్లకోటు వేసుకుని తెల్ల స్కర్టుల మధ్య నిలబడ్డ ఆ పెద్దమనుషులను చిత్రకారుడు దెగా ఎన్ని బొమ్మల్లో చూపించాడో లెక్కలేదు. ఆ 1881లోనే ఆయన పద్నాలుగేళ్ళ నర్తకి మైనపు బొమ్మను ప్రదర్శనకు పెట్టాడు, దానికి నిజం గుడ్డతో కుట్టిన స్కర్టు తొడిగి. నమూనాగా నిలబడ్డ మరీ వాన్ గొతెమ్ ఒపేరా స్కూలు పిల్ల, బట్టలుతికే ఆవిడ కూతురు. ‘టూటూ’ అని ముద్దుగా పలికేటప్పుడు ఈ గది కూడా గుర్తుండాలని నా కోరిక. 1832 నాటి దాన్ని తెల్ల గౌను అనండి, మస్లిన్ స్కర్టు అనండి. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

ఇక గుడ్డ. ఆ రోజు మార్చి 12. లె పెల్తియే వీధిలోని ఒపేరాలో ‘లా సిల్ఫీద్’ మొదటి ప్రదర్శన. నాట్యం కూర్చింది టాలియోని తండ్రి ఫిలిప్పో. దుస్తులకు ఊజెన్ లామీ పేరు చెబుతారు. భుజాలు కనపడే బిగుతు రవిక, సన్నని నడుము, అక్కణ్ణుంచి గంటలా విచ్చుకుని మోకాలు దాటి పిక్కల దాకా దిగే స్కర్టు. అంతకు నూరేళ్ళ ముందే కమార్గో అనే ఆవిడ తన పాదాల పనితనం కనపడాలని అంచు కాస్త పైకి లేపింది. మరీ సల్లే 1734లో లండన్‌లో వెదురుబుట్టల్లాంటి చట్రాలు తీసిపారేసి పలచని మస్లిన్‌లో ఆడింది. కాబట్టి టాలియోని స్కర్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆమె కొత్తగా తెచ్చింది ఆ గుడ్డకూ కాలికీ మధ్య కుదిరిన ఒప్పందం. మునివేళ్ళ మీద నిలబడటమనే గొడ్డుచాకిరీని ఆ పొరలు దాచేస్తాయి. దిగేటప్పుడు స్కర్టు ఒక క్షణం ఆలస్యంగా దిగుతుంది. మనిషి ఇంకా పైనే ఉందని చూసేవాడి కన్ను మోసపోతుంది. కుట్టినవాళ్ళకు ఈ గుట్టు తెలుసు.

ఆ పొరలకు వాడిన గుడ్డలు మస్లిన్, టూల్, తార్లతాన్. తార్లతాన్ అంటే కంగారు పడకండి, దోమతెరంత పలచగా నేసి గంజి దట్టించిన నూలుగుడ్డ. ఎండాకాలం నూలుచీరకు గంజి పెట్టి ఆరేసిన మనవాళ్ళకు అది ఎలా బిర్రబిగుస్తుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు మేం వాడేది నైలాన్ నెట్. మన దర్జీలు లెహంగాల కింద వేసే గరుకు నెట్‌ను క్యాన్‌క్యాన్ అంటారు కదా, ఆ పేరూ పారిస్‌దే, అదే కాలపు ఇంకో నాట్యం పేరు. బ్యాలే మనకు రాకముందే దాని పక్కింటి పిల్ల మన కుట్టుమిషన్ల మీదికి వచ్చి కూర్చుందన్నమాట. మస్లిన్ పేరు మోసుల్ నగరం నుంచి వచ్చిందని నిఘంటువులు, మసూలిపట్నం నుంచి వచ్చిందని మా ఊరివాళ్ళు. నేను బందరుదాన్ని కాబట్టి ఇందులో నా తీర్పు చెల్లదు.

నెట్ చవకగా దొరకడం కూడా ఆనాటి కొత్తే. 1809లో ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ యంత్రానికి పేటెంటు రాకముందు అలాంటి వలను చేత్తోనే అల్లేవారు. యంత్రం వచ్చింది కాబట్టే వరసలో ఆఖరున నిలబడే పిల్లకు కూడా పొరలు పొరలుగా తొడగగలిగారు. ఇరవై ముప్ఫైమంది ఒకేలా తెల్లగా కనపడే రెండో అంకం వెనక ఒక మరమగ్గం చప్పుడుంది. మీ పేజీలో అది వినపడదు.

మీలో ఎవరైనా ఈ స్కర్టు కుట్టించడం దగ్గరుండి చూశారా? పిల్లను బల్ల మీద కదలకుండా నిలబెడతాం. ఒకరు స్కేలు పట్టుకుని చుట్టూ పాకుతాం. పొడవు నడుము నుంచి కొలవం, నేల నుంచి పైకి కొలుస్తాం. ఎందుకంటే పిల్లలందరి ఎత్తూ ఒకటి కాదు, వరసలో అంచులన్నీ ఒకే గీతలో ఉండాలి. నెట్‌కు అంచు మడత ఉండదు. కత్తెర జారితే దాచుకునే చోటుండదు. మా పద్నాలుగింటిలో మూడోది నా చేతిలోనే వంకరపోయింది. రాత్రి పదకొండింటికి పై పొర ఊడదీసి మళ్ళీ కుచ్చు పట్టాను. పొద్దున్నే ఇంట్లో అందరి బట్టలకూ తెల్ల నెట్ ముక్కలు, సాంబారు గిన్నెలో కూడా ఒకటి.

ఇప్పుడు దీపాల సంగతి చెప్పకపోతే ఆ తెలుపు సంగతి సగమే చెప్పినట్టు. ఒపేరాలోకి గ్యాసు దీపాలు వచ్చింది 1822లో. కొవ్వొత్తులతో, నూనెదీపాలతో చేయలేని పని ఒకటి గ్యాసుతో చేయొచ్చు: మర తిప్పి వెలుగు పెంచొచ్చు, తగ్గించొచ్చు. వెన్నెలను రప్పించవచ్చు. 1831 నవంబరులో మెయెర్‌బేర్ సంగీతం కూర్చిన ‘రాబర్ట్ లె దియాబ్ల్’ అనే ఒపేరాలో చచ్చిపోయిన సన్యాసినులు సమాధుల్లోంచి లేచి ఆడిన దృశ్యం ఆ వెన్నెల్లోనే. నాలుగు నెలలకు ‘లా సిల్ఫీద్’. మసకవెలుగులో రంగుగుడ్డ చచ్చిపోతుంది, తెల్లగుడ్డ బతుకుతుంది. అందుకే తెలుపు. ఆ తరవాత రంగస్థలం మీద తెలుపు తప్ప ఇంకో రంగు లేకుండా పోయిందని, ఎక్కడ చూసినా తార్లతానేనని కవి, విమర్శకుడు తెయోఫిల్ గోతియే వేళాకోళం చేశాడు. తీరా 1841లో ‘జిజేల్’ కథ అల్లినవాళ్ళలో ఆయనా ఒకడు! ఆ స్కర్టును సగం దర్జీలు కుట్టారు, సగం గ్యాసు కంపెనీ కుట్టింది.

అసలు ఎవరి ప్రాణం మీద తేలారో కూడా రాయండి. ‘సిల్ఫీద్’లో పిల్లలను తీగలకు కట్టి ఎగరేసేవారు. ఒకసారి ఇద్దరు నడిమధ్య ఇరుక్కుపోయారు. ఒకడు కప్పునుంచి తాడు పట్టుకుని దిగి విడిపించాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదండీ అని టాలియోనే ముందుకొచ్చి జనానికి చెప్పింది. ఆవిడ రంగం మీద నోరు విప్పింది ఆ ఒక్కసారేనని గోతియే రాశాడు. ఇది నవ్వుకుని మరిచిపోయే సంగతి. తరవాతివి కావు.

మా అమ్మ ఏ గుడ్డ చేతికొచ్చినా ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసేది. పట్టయితే వెంట్రుక కమిలిన వాసన, నూలయితే కాగితం కాలిన వాసన. మీ పుస్తకం చదివొచ్చిన రాత్రి వంటింటి సింకులో అదే పని చేశాను. జానెడు గాజుగుడ్డకు గంజి పెట్టి ఆరబెట్టి, మూడు పొరలు వదులుగా వేలాడదీసి, కింది అంచుకు నిప్పు చూపించాను. నాలుగు లెక్కపెట్టేలోపు పైదాకా పాకింది. పొర పొరకీ మధ్య గాలి ఉంది కదా, మంటకు అదే ఆహారం. తేలికగా తేలడానికి పనికొచ్చిన ప్రతి గుణమూ కాలడానికీ పనికొచ్చింది. (పొగకు అలారం మోగింది. మా ఆయన మేడమీంచి పరిగెత్తుకొచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.)

మరి ఆ గుడ్డ చుట్టూ ఏముండేవి? రంగం ముందు వరసగా మంటలు, పక్క తెరల వెనక మంటలు. 1844 డిసెంబరు 14న లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో క్లారా వెబ్‌స్టర్ స్కర్టుకు వేదిక మీది దీపం అంటుకుంది. ‘ద రివోల్ట్ ఆఫ్ ద హారెమ్’ నడుస్తోంది. మూడు రోజులకు చనిపోయింది. 1861 సెప్టెంబరు 14న ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ థియేటరు దుస్తుల గదిలో గేల్ అక్కచెల్లెళ్ళలో ఒకరికి గ్యాసు మంట తగిలింది. ఒకరి నుంచి ఒకరికి పాకి కనీసం ఆరుగురు పిల్లలు పోయారు.

విరుగుడు తెలియక కాదు. గే-లుసాక్ అనే పేరు ఇంటర్ కెమిస్ట్రీ చదివిన మనవాళ్ళందరికీ తెలుసు, వాయు నియమాల ఆయన. పద్దెనిమిదో లూయీ రాజు థియేటరు గుడ్డలకు నిప్పంటకుండా ఏం చేయాలో చూడమంటే, అమ్మోనియం లవణాలూ బోరాక్సూ కలిపి ముంచితే నిలుస్తుందని ఆయన 1821లోనే చెప్పాడు. టాలియోని మస్లిన్ కట్టడానికి పదకొండేళ్ళు ముందు! 1859లో కార్తెరోన్ అనే ఆయన పద్ధతిలో దుస్తులను ముంచి తీరాలని ఫ్రాన్సులో చక్రవర్తి ఉత్తర్వే వచ్చింది. ముంచిన గుడ్డ బిరుసెక్కేది, మకిలి పట్టినట్టు కనపడేది. నర్తకులు ముఖం చిట్లించారు.

వాళ్ళలో ఎమ్మా లీవ్రీ ఒకత్తె. 1858లో పదహారేళ్ళ వయసులో ఒపేరాలో ‘లా సిల్ఫీద్’తోనే అడుగుపెట్టిన పిల్ల. ఆమెను చూసి టాలియోని ముచ్చటపడి తన విద్య చెప్పింది. ఆమె కోసమే 1860 నవంబరులో ‘లె పపియోన్’ కూర్చింది, సంగీతం ఓఫెన్‌బాక్‌ది. పపియోన్ అంటే సీతాకోకచిలుక. అందులో శాపం తగిలి సీతాకోకచిలుకైన పిల్ల కాగడా వెలుగుకు ఆశపడి దగ్గరికి వెళుతుంది, రెక్కలు కాలి మళ్ళీ మనిషవుతుంది. కథ రాసినవాళ్ళు అందంగా ఉంటుందనే అలా రాశారు. ఆ ఏడాదే లీవ్రీ డైరెక్టరుకు ఉత్తరం రాసింది, తన మామూలు స్కర్టులోనే ఆడతాననీ, ఏం జరిగినా బాధ్యత తనదేననీ. డైరెక్టరు ఆ కాగితం పుచ్చుకున్నాడు. చక్రవర్తి ఉత్తర్వు మీద ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల సంతకం గెలిచింది.

1862 నవంబరు 15. ‘లా ముయెత్ దె పోర్తిచి’ అనే ఒపేరా రిహార్సలు. అందులో ఆమెది మూగపిల్ల పాత్ర, మాట ఉండదు. తన వంతు కోసం పక్కన కూర్చుంది. కుచ్చు నలిగిపోకుండా స్కర్టును విదిలించి సర్దుకోబోయింది. ఆ పని నేను రోజూ చూస్తాను. మా పిల్లలందరూ కూర్చునేముందు రెండు చేతులతో అలాగే వెనక్కి ఎగదోస్తారు, లేకపోతే మేం అరుస్తాం. ఆ విసురుకు పొరలు గ్యాసు మంట మీదికి వెళ్ళాయి. మంటలతో రంగం మీద అటూఇటూ పరుగెత్తింది. ఒక అగ్నిమాపకుడు తడిదుప్పటి కప్పి పట్టుకునేసరికే ఒళ్ళు చాలాభాగం కాలిపోయింది, రవికలోని తిమింగలపు ఎముక పట్టీలు చర్మానికి అతుక్కున్నాయి. ఎనిమిది నెలలు బతికింది. 1863 జులై 26న పోయింది. ఆ మంచం మీద ఉండి కూడా, ముంచిన స్కర్టులు వికారంగా ఉంటాయి, మళ్ళీ ఆడినా అవి వేసుకోను అందని చెబుతారు. ఆ దుస్తుల్లో మిగిలిన మాడు ముక్కలు పారిస్ ఒపేరా మ్యూజియంలో ఉన్నాయి.

మొండిపిల్ల, కోరి తెచ్చుకుంది అనేవాళ్ళున్నారు. నాకు అలా అనబుద్ధి కాదు. హాలంతా డబ్బిచ్చి చూడటానికొచ్చింది ఆ తేలికతనాన్నే. బిరుసు గుడ్డతో బరువుగా దిగితే రేపు పాత్ర ఇంకొకరికి పోతుంది. విమర్శకులు దశాబ్దాలుగా పొగిడింది గాలిని, పొగను, మంచును. ఆ పొగడ్తకు తగ్గట్టు ఉండటమే ఆమె ఉద్యోగం. నన్నడిగితే నిలదీయాల్సింది ఆ ఉత్తరం పుచ్చుకున్న బల్ల అవతలి మనిషిని. వరసలో ఆఖరి పిల్లకు అలాంటి ఉత్తరం రాసే హోదా కూడా లేదు, ఇచ్చింది వేసుకోవాల్సిందే.

పొట్టి టూటూ సంగతి వేరే. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వర్జీనియా జుక్కి పొడుగు స్కర్టు వద్దని కత్తిరించుకోవడం, ఇటలీవాళ్ళ గిరికీలకు కాళ్ళు కనపడాల్సి రావడం, చివరికి పళ్ళెంలా అడ్డంగా నిలబడటం. అవన్నీ మీరు బాగానే రాస్తున్నారు, దాని జోలికి పోను.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆ నాలుగు వాక్యాల పక్కన ఇంకో నాలుగు చేర్చండి: గ్యాసు, గంజి, గే-లుసాక్, లీవ్రీ. ‘లా సిల్ఫీద్’ వేసే ఏడాది లీవ్రీ పేరు తప్పకుండా, ఎందుకంటే ఆమె మొదలైందీ అక్కడే. లామీ పేరు వేసే చోట, ఇప్పుడు మీ దుస్తుల గదిలో ఆ స్కర్టులు కుట్టేవాళ్ళ పేర్లు కూడా వేయండి. విరాళాల జాబితాకు రెండు పేజీలు దొరికినప్పుడు దీనికి అరపేజీ దొరక్కపోదు. పుస్తకం ధర రూపాయో పెన్నీయో పెంచినా కొంటాను, గొణగను.

మా స్కూలు ప్రదర్శనకు ఒక కాగితం నేనే రాసి, టీచరుగారి చేత దిద్దించి, పిల్లల చేతికిచ్చాను. చదివిన సాయంత్రం మా అమ్మాయి అడిగింది, “అమ్మా, మాది అంటుకోదు కదా?” నెట్ తాను మీది చీటీ చూపించాను, నిప్పు పరీక్ష పాసైందని దాని మీద రాసి ఉంది. నమ్మలేదు. కత్తిరింపుల బుట్టలోంచి ఒక ముక్క తీసుకుని సింకు దగ్గరికి పదమంది. ఈసారి అలారం కింద కిటికీ తీసిపెట్టి, మా ఆయనకు ముందే చెప్పి, అగ్గిపుల్ల గీశాం. ముక్క ముడుచుకుని, కరిగి, ఒక చుక్కయి ఆరిపోయింది. మా అమ్మాయి ఆ చుక్కను చల్లారేదాకా చూసి, కాగితంలో చుట్టి తన బ్యాలే సంచీలో వేసుకుంది.

ఇంకా నాలుగు స్కర్టులకు హుక్కులు కుట్టాలి. ఆదివారం డ్రెస్ రిహార్సలు.

ఇట్లు,
బందరు దర్జీ కూతురు